బాండ్ల కోసం కప్పుకున్న శాలువా

హిమజ ఇరవై ఎనిమిదో ఏట పదవీ విరమణ చేసింది. ఆరోగ్యం బాగానే ఉంది. కళ్ళజోడు కూడా లేదు. సన్మానంలో కప్పిన శాలువా అయితే మరీ బాగుంది. కాకపోతే అది ఆఫీసు ఆస్తి కాబట్టి, ఫోటో తీయగానే వెనక్కి తీసుకుని కలరా ఉండలు వేసి బీరువాలో పెట్టేశారు.

ఇదంతా బాండ్ల వల్ల వచ్చింది. ఇంకా నిజం చెప్పాలంటే, తను చాలా తెలివైనదాన్నని హిమజ అనుకోవడం వల్ల వచ్చింది.

కాకినాడలో తీర జిల్లాల కొబ్బరిపీచు సంస్థ అని ఒకటుంది. అక్కడ తాళ్ళు, కాలిపట్టాలు, సర్క్యులర్లు తయారవుతాయి. మొదటి రెండూ సీజన్‌లోనే. మొత్తం నూట నలభై నాలుగు మంది ఉద్యోగులు. అందులో కంప్యూటర్ సెక్షన్ అంటే హిమజ ఒక్కతే. సెక్షన్ హెడ్డూ ఆమే, సెక్షనూ ఆమే, సెక్షన్‌లో పాడైన ప్రింటర్ దగ్గర కూర్చుని తిట్టుకునేదీ ఆమే. పరీక్ష మూడోసారి రాస్తే వచ్చిన ఉద్యోగం. ఆ "మూడోసారి" అన్న మాట మాత్రం ఎవరికీ చెప్పదు. "రాశాను, వచ్చింది" అంటుంది.

ఆ జీతంలో కూడబెట్టిన రెండు లక్షలు పెట్టి కిందటేడు బాండ్లు కొంది. కొన్న తర్వాత వాటి గురించి పదకొండు వీడియోలు చూసింది. కొనకముందు చూడాలన్న సంగతి పన్నెండో వీడియోలో చెప్పారు.

వీడియోల సారం ఇది: బాండ్లు ఏటా వడ్డీ ఇస్తాయి, ఆ వడ్డీ మీద ఏటా పన్ను పడుతుంది. షేర్లయితే అమ్మినప్పుడే పన్ను. కాబట్టి తెలివైనవాళ్ళు బాండ్లని పన్ను పడని రిటైర్మెంట్ ఖాతాలో దాచి, షేర్లని బయట ఖాతాలో ఉంచుతారు. హిమజకి షేర్లు లేవు. అయినా సూత్రం నచ్చింది.

సంస్థకి సొంతంగా ఒక ఉద్యోగుల విశ్రాంతి నిధి ఉంది. దాంట్లో రెండు ఖాతాలు. మామూలు ఖాతాలో పెడితే ఏటా పన్ను కట్టాలి, కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసుకోవచ్చు. విశ్రాంత ఖాతాలో పెడితే పన్ను లేదు, అరవై ఏళ్ళు నిండేదాకా ముట్టుకోవడానికీ లేదు. హిమజ బాండ్లు మామూలు ఖాతాలో ఉన్నాయి. ఆమె తొమ్మిది షీట్ల లెక్క ఒకటి తయారుచేసింది. చివరి షీట్లో ఆకుపచ్చ రంగు గడిలో జవాబు వచ్చింది: బాండ్లని విశ్రాంత ఖాతాలోకి మారిస్తే ఏడాదికి మూడువేల మూడువందల ఇరవై ఎనిమిది రూపాయలు మిగులుతుంది. ముప్పై రెండేళ్ళు మిగిలితే ఒక కారు. ఏ రంగు కారో పక్క గడిలో రాసుకుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ షీట్లన్నీ అకౌంట్స్‌లో పనిచేసే ఫరీదాకి చూపించింది. ఫరీదా క్యారేజీ మూత తీస్తూ చూసింది.

"ముప్పై రెండేళ్ళ తర్వాత కొనే కారు కోసం ఇయ్యాళ తొమ్మిది షీట్లు చేశావా?"

"ఆప్టిమైజేషన్ అక్కా అది."

"ఈలోగా నీకు జొరమొచ్చి ఆసుపత్రిలో పడితే డబ్బులెక్కడివి తీస్తావే?"

"నాకెందుకొస్తుంది జ్వరం?" అంది హిమజ. ఆ ప్రశ్నకి షీట్ లేదు మరి.

నిధి కార్యదర్శి ముక్కామల పేర్రాజు గారు. ఆయన ఇంట్లో పప్పు కావాలన్నా "పప్పు వడ్డించవలసిందిగా కోరడమైనది" అంటారని ఆఫీసులో చెప్పుకుంటారు. హిమజ దరఖాస్తుని ఆయన రెండుసార్లు చదివి, తిరగేసి, వెనక ఏమీ లేదని నిర్ధారించుకున్నారు.

"ఇందులో ఆధారం జతపరచలేదు."

"దేనికండీ ఆధారం?"

"నియమం పద్నాలుగు. బాండ్లను విశ్రాంత ఖాతాలో ఉంచదలచిన సభ్యులు, తాము విశ్రాంతి పొందువారమని తృప్తికరమైన ఆధారము సమర్పించవలెను."

"అరవై వస్తే అందరూ రిటైరవుతారు కదండీ?"

"ఆడిటు వారు సరిగ్గా ఇదే అడిగారమ్మా. 'అవుతారని మీకెలా తెలుసు?' అని." పేర్రాజు గారు గాయపడినట్టు కళ్ళు మూసుకున్నారు. "గత పదేళ్ళలో ఒకరు రాజీనామా చేసిరి. ఇద్దరు స్వర్గస్థులైరి. ఒకరు రైసు మిల్లు పెట్టుకొనిరి. వీరిలో ఎవరూ విశ్రాంతి పొందలేదు. కానీ వీరి బాండ్లు విశ్రాంత ఖాతాలో ఉన్నవి. అభ్యంతరము నంబరు ఇరవై రెండు."

"మరి ముప్పై రెండేళ్ళ తర్వాత రిటైరవుతానని ఇప్పుడెలా నిరూపించనండీ?"

"ఆ విషయమై కమిటీ వేయడమైనది."

కమిటీ మూడు రోజులు కూర్చుంది. సంస్థ పుట్టినప్పటి నుంచి రిటైరైన ప్రతి ఉద్యోగి ఫైలునీ రికార్డు రూములోంచి తెప్పించి చూసింది. కొన్ని ఫైళ్ళలో పుట్టిన తేదీ లేదు. కొన్నిట్లో పెన్షన్ కాగితాలు లేవు. ఒక దాంట్లో ఉద్యోగి పేరే లేదు. కానీ అన్నిట్లోనూ తప్పకుండా ఉన్నది ఒకటే: సన్మానం ఫోటో. మధ్యలో కుర్చీ, కుర్చీలో మనిషి, మెడలో దండ, భుజాన శాలువా, ఒళ్ళో పళ్ళబుట్ట, వెనకాల నిలబడి ఎటో చూస్తున్న సహోద్యోగులు.

కాబట్టి సన్మాన ఛాయాచిత్రమే విశ్రాంతికి తృప్తికరమైన ఆధారము అని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

"అంటే ముందస్తుగా సన్మానం చేయించుకుని ఫోటో పెట్టాలా?" అంది హిమజ.

"ముందస్తు అను పదము తీర్మానంలో లేదు. సన్మానం అని మాత్రమే ఉన్నది."

ఇక్కడ బుద్ధున్న మనిషెవరైనా నవ్వేసి లేచి వచ్చేస్తారు. హిమజ కూడా లేవబోయింది. కానీ కళ్ళ ముందు ఆకుపచ్చ గడి మెరిసింది. కూర్చుంది.

పేర్రాజు గారు ఇంకో మాట అన్నారు. ఈ ప్రక్రియ అంతా ఆన్‌లైన్‌లో జరగాలి. ఫోటో ఎక్కించడం, పరిశీలించడం, ఆమోదించడం. దానికో ఫారం తయారుచేయమని కంప్యూటర్ సెక్షన్‌ని, అంటే హిమజని, ఆదేశించడమైనది.

పదిహేను రోజులు పడుతుందని చెప్పి రెండు రోజుల్లో చేసేసింది. ఎలాగంటే, కొత్తగా రాయలేదు. నిజంగా రిటైరయ్యేవాళ్ళ కోసం తనే రెండేళ్ళ కిందట రాసిన ప్రోగ్రాం ఒకటుంది. దాన్ని కాపీ కొట్టి, పైన పేరు మార్చింది. అందులోనూ ఫోటో ఎక్కించాలి, ఇందులోనూ ఎక్కించాలి. అందులోనూ ఆమోదం, ఇందులోనూ ఆమోదం. ఆమోదించాక అది ఇంకేం చేస్తుందో చివరిదాకా చదవలేదు. తను రాసిందే కదా, తనకి తెలియదా అనుకుంది.

ఆఫీసులో ఎవరికి ఏ ఫిర్యాదున్నా కంప్యూటర్లో టికెట్ పెడతారు. హిమజ చూసి, చేసి, మూసేస్తుంది. రెండేళ్ళ కిందట ఆ మొదటి ప్రోగ్రాం రాసినప్పుడు ఫరీదా ఒక టికెట్ పెట్టింది: "పొరపాటున నొక్కితే వెనక్కి తీసుకునే బటన్ కావాలి." దాని కింద హిమజ ఇలా రాసి మూసేసింది: "అవసరం లేదు. రిటైరైనవాళ్ళు ఎవరూ వెనక్కి రారు."

సన్మానం ఫిబ్రవరి పదో తారీఖున మీటింగ్ హాల్లో జరిగింది. వెనకాల ఫ్లెక్సీ పాతది. పేరు మీద తెల్ల కాగితం అంటించి హిమజ పేరు రాశారు, కింద "ముప్పై ఆరేళ్ళ సుదీర్ఘ సేవ" అలాగే ఉండిపోయింది. శాలువా తెచ్చింది రికార్డు అసిస్టెంట్ నూకరాజు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆఫీసు తాళాలు తీసేదీ, వేసేదీ, శాలువాని కాపాడేదీ ఆయనే. సెప్టెంబరు ముప్పైకి అరవై నిండుతాయి.

"అమ్మాయిగారూ, కాత్త ముందుకి వొంగండి. ఆఁ, అదీ. కలరా ఉండల వాసనొత్తాది, ఊపిరి ఎక్కువ తీయకండి."

"మీరు కూడా మీ బాండ్లు మార్పించుకోండి బాబాయ్. పన్ను పడదు."

"ఆయ్, నాకెందుకండీ! నాయి మామూలు ఖాతాలోనే ఉన్నాయి. పన్నంటే పోతే పోద్దండి. మా ఆవిడికి కళ్ళాపరేసనంటే అప్పటికప్పుడు తీసి కట్టాను. అరవయ్యేల్లొచ్చేదాకా ఆగమంటే ఆ కళ్ళు ఆగుతాయేంటండీ?"

హిమజ జాలిగా నవ్వింది. ఇలాంటివాళ్ళకి షీట్లు ఎలా అర్థమవుతాయి అనుకుంది.

ఎండీ గారు మాట్లాడారు. "హిమజ గారి మచ్చలేని సర్వీసు మనందరికీ ఆదర్శం. వారు లేని లోటు తీర్చలేనిది."

"రేపు వస్తాను కదండీ," అంది హిమజ మెల్లగా.

"మాట్లాడరాదు. ఛాయాచిత్రం కదులును," అన్నారు పేర్రాజు గారు.

వారి శేష జీవితం ఆయురారోగ్యాలతో గడవాలని ఆరుగురు ఒకరి తర్వాత ఒకరు కోరుకున్నారు. స్టోర్స్‌లో పనిచేసే ఒకావిడ అలవాటు కొద్దీ ఏడ్చింది. చివరికి హిమజ కూడా కళ్ళు తుడుచుకుంది. పళ్ళబుట్ట మాత్రం ఇంటికి తీసుకెళ్ళమన్నారు. పైవరసలో నాలుగు యాపిల్స్ ఉన్నాయి. మిగతాదంతా సంస్థ ఉత్పత్తి.

ఫోటో ఎక్కించింది. పేర్రాజు గారు ఆమోదించారు. బాండ్లు విశ్రాంత ఖాతాలోకి వెళ్ళిపోయాయి. హిమజ ఆ సాయంత్రం తనకి తనే ఒక ఐస్‌క్రీం కొనిపెట్టుకుంది. ఆ ఖర్చు షీట్లో రాసింది.

మర్నాడు పొద్దున హాజరు మిషను మీద వేలు పెట్టింది. రోజూ "స్వాగతం" అని వస్తుంది. ఆ రోజు ఇలా వచ్చింది: "మీ అమూల్య సేవలకు కృతజ్ఞతలు. మీ శేష జీవితం సుఖశాంతులతో గడవాలని ఆకాంక్ష."

ఆ వాక్యాలు తనే రాసింది. రాసిన రోజున చాలా బాగా వచ్చాయని కూడా అనుకుంది.

కాపీ కొట్టిన ప్రోగ్రాం ఆమోదం పడగానే ఏం చేస్తుందో అప్పుడు గుర్తొచ్చింది. ఉద్యోగి పేరుకి ఎదురుగా "రిటైర్డ్" అని వేస్తుంది. తలుపు తెరవదు. కంప్యూటర్ తెరవనివ్వదు. జీతం ఆపుతుంది. మొదట్లో దాన్ని రాయించుకున్నదే అందుకు.

సందర్శకుల పుస్తకంలో సంతకం పెట్టి లోపలికి వెళ్ళింది. "ఎవరిని కలవాలి" అన్న చోట "కంప్యూటర్ సెక్షన్" అని రాయాల్సి వచ్చింది.

పేర్రాజు గారు శాంతంగా విన్నారు. "ఇది సాంకేతిక లోపము. కంప్యూటర్ సెక్షన్‌కు వ్రాతపూర్వకంగా తెలియజేయండి."

"కంప్యూటర్ సెక్షన్ నేనేనండీ."

"ఉండేవారు."

"సరే, మీరొక్కసారి నా కంప్యూటర్ తెరిపించండి. పది నిమిషాల్లో సరిచేస్తాను."

"విశ్రాంత ఉద్యోగులు కార్యాలయ యంత్రములను తాకరాదు. మీరే ప్రతిపాదించిన భద్రతా నియమము."

నిజమే. పోయిన జూన్‌లో మూడు పేజీలు రాసి ఒప్పించింది.

"నా జీతమండీ?"

"విశ్రాంతులకు జీతము ఉండదు."

"పోనీ పెన్షన్?"

"అరవై నిండవలెను."

"అయితే నా బాండ్లు తీసుకుంటాను. అద్దె కట్టాలండీ."

పేర్రాజు గారి ముఖం మొదటిసారి వికసించింది. "అవి అత్యంత భద్రముగా ఉన్నవి. విశ్రాంత ఖాతాలో. అరవై ఏళ్ళ వరకు మీరు సైతం ముట్టుకొనజాలరు. ఒక్క పైసా పన్ను పడదు."

భానుగుడి దగ్గర అద్దె గదికి వెళ్ళి హిమజ పదో షీట్ తెరిచింది. ఆదాయమే లేని మనిషి బాండ్లు ఏ ఖాతాలో పెట్టినా పన్ను పడదని తేలింది. ఈ సంగతి మిగతా తొమ్మిది షీట్లలో ఎక్కడా లేదు.

అసలు గండం ఇంకోటుంది. పొదుపు చర్యల కింద సంస్థలో ఒక ఉత్తర్వు అమల్లో ఉంది. మార్చి ముప్పై ఒకటి సాయంత్రం ఐదింటికి ఏ పోస్టు ఖాళీగా ఉంటే ఆ పోస్టు రద్దు. కంప్యూటర్ సెక్షన్ ఖాళీగా ఉంది. ఆ పోస్టుకి మూడుసార్లు పరీక్ష రాసిన మనిషి గేటు బయట ఉంది.

వినతిపత్రం రాసింది. విశ్రాంత ఉద్యోగుల వినతులను జూన్ మొదటి శుక్రవారం స్వీకరిస్తారని జవాబొచ్చింది. కింద "గౌరవనీయ పెద్దలకు" అని రాశారు. రోజూ పొద్దున్నే వచ్చి గేటు దగ్గర టీ బండి పక్కన నిలబడేది. రెండు రోజులకోసారి నూకరాజు టీ డబ్బులు ఇచ్చేవాడు. ఆమె వద్దనేది. వద్దన్న తర్వాత తాగేది.

"నా మాట ఇనండమ్మాయిగారూ. రూల్సు మారేదాకా మీరు మాత్రం ఇక్కడికి రావటం మానకండి. రోజూ కనపడే మనిషిని రద్దు చేయటానికి ఆళ్ళకీ కాత్త మొహమాటంగా ఉంటాది."

ఈలోగా లోపల ఇంకో ఉత్సాహం మొదలైంది. విశ్రాంత ఖాతా పథకంలో మొదటి కేసు నిరాటంకంగా పూర్తయినందుకు పై ఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. మెచ్చుకోలుతో పాటు లక్ష్యమూ వచ్చింది: ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా నూటికి నూరు శాతం ఉద్యోగులు బాండ్లను విశ్రాంత ఖాతాలోకి మార్చవలెను.

హిమజ గేటు దగ్గర కనపడినవాళ్ళందరికీ చెప్పింది. "ఆ ఫోటో ఎక్కించకండి. మీరూ బయటపడతారు."

కొందరు, తన ఒక్కదానికే పన్ను మిగలాలని చూస్తోంది అనుకున్నారు. ఎండీ గారు పేర్రాజు గారిని అడిగారట, లోపాలేమైనా ఉన్నాయా అని. పేర్రాజు గారు కంప్యూటర్‌లో చూసి, నెలన్నరగా ఒక్క టికెట్ కూడా పెండింగులో లేదని నివేదించారు. టికెట్లు చూసే మనిషి రిటైరైతే, కొత్త టికెట్లు తీసుకోవడం కంప్యూటర్ తనంతట తనే ఆపేస్తుంది. అది కూడా హిమజ పెట్టిన సదుపాయమే.

ఫరీదా గేటు దాకా వచ్చింది. "నేనేం చేసేదే? సన్మానానికి రానివాళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తామన్నారు. నీతో పాటు నేనూ టీ బండి దగ్గరికొచ్చేస్తాన్లే."

మార్చి ముప్పైన సామూహిక సన్మానం జరిగింది. నూట నలభై రెండు మంది, ఒకటే శాలువా, ఒకటే దండ, ఒకటే పళ్ళబుట్ట. వరసలో ఒక్కొక్కరే వచ్చి కుర్చీలో కూర్చుంటారు. నూకరాజు శాలువా కప్పుతాడు, ఫోటోగ్రాఫరు నొక్కుతాడు, నూకరాజు శాలువా తీస్తాడు. ఉపన్యాసానికి టైము లేక, "తీర్చలేని లోటు" అన్న ముక్కని ఎండీ గారు మైకులో ఒక్కసారే అని, అది అందరికీ వర్తిస్తుందన్నారు. డెబ్భయ్యో మనిషి దగ్గరికి వచ్చేసరికి దండలో దారం మిగిలింది. చివర్లో ఎండీ గారు కూర్చున్నారు. ఆయన తర్వాత పేర్రాజు గారు కూర్చున్నారు. సాయంత్రానికి ఫోటోలన్నీ ఎక్కించి, అందరివీ ఆమోదించి, ఆఖరున తనది తను ఆమోదించుకుని, నూటికి నూరు శాతం అని పై ఆఫీసుకి తంతి లాంటి ఉత్తరం ఒకటి పంపి ఇంటికెళ్ళారు.

శాలువా కప్పేవాణ్ణి శాలువా కప్పించుకోమని అడగాలని ఎవరికీ తోచలేదు.

ముప్పై ఒకటో తారీఖు పొద్దున హిమజ వచ్చేసరికి టీ బండి దగ్గర తిరనాళ్ళలా ఉంది. నూట నలభై రెండు మంది నానబెట్టిన పీచు వాసనలో నిలబడి ఉన్నారు. మిషను ఒక్కొక్కరికీ సుఖశాంతులు ఆకాంక్షిస్తోంది.

ఎండీ గారు నాలుగోసారి వేలు పెట్టి తుడుచుకున్నారు. "హిమజ గారూ, ఏమిటిది?"

"సాంకేతిక లోపమండీ. కంప్యూటర్ సెక్షన్‌కి వ్రాతపూర్వకంగా తెలియజేయాలి."

"మీరే కదా కంప్యూటర్ సెక్షన్!"

"ఉండేదాన్నండీ," అంది హిమజ. నెలన్నరగా దాచుకున్న మాట. చెప్పాక అనుకున్నంత హాయిగా లేదు, ఎందుకంటే సాయంత్రం ఐదింటికి రద్దయ్యే పోస్టుల్లో మొదటిది ఆమెదే. ఇప్పుడు ఆ లెక్కన సంస్థే రద్దవుతుంది.

అప్పుడు నూకరాజు తాళాల గుత్తితో వచ్చి, జనాన్ని తప్పించుకుని, అలవాటు ప్రకారం మిషను మీద వేలు పెట్టాడు.

"స్వాగతం," అంది మిషను.

అందరూ ఆయన వేలి వంక చూశారు. ఎండీ గారి గది బయట గోడకి అద్దం కట్టిన పాత బోర్డు ఒకటుంది. దాన్ని చూడక్కర్లేకుండా పేర్రాజు గారు గేటు చువ్వల్లోంచి అప్పజెప్పారు. "ఎండీ వారు అందుబాటులో లేని యెడల, సర్వీసులో ఉన్నవారిలో అత్యంత సీనియరు ఉద్యోగి ఇన్‌చార్జిగా వ్యవహరించవలెను."

"సర్వీసులో ఎంతమందున్నారండీ?" అన్నాడు నూకరాజు.

"మీరొక్కరే."

"మరి సీనియరెవరండీ?"

"మీరే."

నూకరాజు చేతిలో తాళాల గుత్తి వంక చూశాడు. "ఇన్‌చార్జి అంటే తాళాలు నా దగ్గరుంటాయి, అంతే కదండీ? అయి ఎప్పుడూ నా దగ్గరే ఉన్నాయి." తలుపు తీసి, ఎండీ గారి గదిలో తన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోమంటే నడుం నొప్పి అన్నాడు.

అందరినీ సర్వీసులోకి తీసుకుంటున్నానని ఆయన ఒక కాగితం మీద సంతకం పెడితే సరిపోతుందని ఎండీ గారు అన్నారు. పేర్రాజు గారు ఒప్పుకోలేదు. తను బయట ఉన్నా నియమం నియమమే.

"సర్వీసులో ఉన్నారనుటకు ఆధారము కావలెను. నియమం పద్నాలుగు, ఉపనియమం రెండు. మామూలు ఖాతాలో బాండ్లు ఉన్నవారు విశ్రాంతి పొందు ఉద్దేశము లేనివారిగా భావించబడుదురు. ఉద్దేశమే లేనివారు విశ్రాంతి పొందియుండజాలరు."

హిమజకి అర్థమవడానికి కొంచెం టైము పట్టింది. "అంటే నా బాండ్లని మళ్ళీ మామూలు ఖాతాలోకి మార్చుకుంటే..."

"మీరు రిటైరు కానట్టే. ఇదివరలో మీరు బాండ్లు తీసుకొనుటను గూర్చి అడిగిరి, మార్చుటను గూర్చి కాదు."

"మార్చాలంటే?"

"ఇన్‌చార్జి వారి ఉత్తర్వు. మరియు ఈ ఏటి వడ్డీపై పన్ను."

"ఎంతండీ?"

పేర్రాజు గారు జేబులోంచి క్యాలిక్యులేటర్ తీశారు కానీ, హిమజ ముందే చెప్పేసింది. "మూడువేల మూడువందల ఇరవై ఎనిమిది."

ఆమె దగ్గర నూట పది రూపాయలున్నాయి. ఫరీదా వంక చూసింది. ఫరీదా పర్సు తెరిచి చూపించింది. నెలాఖరు. చుట్టూ ఉన్న నూట నలభై రెండు మంది పొదుపులూ ఒక్క పైసా పన్ను పడని చోట అత్యంత భద్రంగా ఉన్నాయి.

ఇదంతా కిటికీలోంచి వింటున్న నూకరాజు స్టూలు మీంచి లేచి గేటు దగ్గరికి వచ్చి చొక్కా లోపలి జేబులోంచి కవరు తీశాడు. "ఆవిడికి రెండో కంటికని నిన్ననే తీశానండి, మామూలు ఖాతాలోంచి. డాట్రు గారు వచ్చే వారం రమ్మన్నారు. ముందు మీరు లోపలికెళ్ళండమ్మాయిగారూ. తర్వాత ఇద్దురుగాని."

హిమజ ఆ కవరు రెండు చేతులా అందుకుంది. శాలువా కప్పిన రోజున ఈ మనిషికి షీట్లు అర్థం కావనుకున్న సంగతి గుర్తొచ్చింది.

పన్ను కట్టి, ఇన్‌చార్జి ఉత్తర్వు రాయించుకునేసరికి మధ్యాహ్నం రెండున్నర దాటింది. కంప్యూటర్ సెక్షన్‌లో కంప్యూటర్‌కి తగిలించిన వేలిముద్ర మిషను మీద నూకరాజు వేలు పెట్టి నిలబడితే, ఆ లాగిన్ మీద హిమజ ప్రోగ్రాం తెరిచింది. ఆయన వేలు తీస్తే మూసుకుపోతుంది. అది కూడా ఆమె పెట్టిన భద్రతే. పెద్దాయన గంటన్నర అలా నిలబడ్డాడు. రెండేళ్ళ కిందట ఫరీదా అడిగిన బటన్‌ని హిమజ ఆ గంటన్నరలో రాసింది. ఈసారి దేన్నీ కాపీ కొట్టలేదు. ప్రతి వరసా చివరిదాకా చదివింది. మూసేసిన ఆ పాత టికెట్ తెరిచి, "అవసరం లేదు" అన్న తన మాట కింద "ఉంది" అని రాసింది.

"బాబాయ్, చెయ్యి నొప్పెడుతోందా?"

"లేదండి. ఎలాగూ నూట నలభై మందికి శాలువాలు కప్పిన చెయ్యేగా, ముందే మొద్దుబారిపోయింది."

నాలుగూ పదికి బటన్ పనిచేసింది. మొదట తన పేరు మీదే నొక్కుకుంది, సిగ్గుపడలేదు. అది ఆధారం అడిగింది. పన్ను కట్టిన రసీదు ఎక్కించింది. బాండ్లు మామూలు ఖాతాలోకి వచ్చాయి. ఆమె కూడా వచ్చింది.

వేలు పెట్టింది.

"స్వాగతం."

ఆ ఒక్క మాట కోసం మూడుసార్లు పరీక్ష రాసినట్టు అనిపించింది ఆమెకి.

తర్వాత ఫరీదా. ఆ తర్వాత వరసగా అందరూ. బంధువులకి ఫోన్లు చేసి, పక్కవీధి కిరాణా కొట్లో అప్పు తెచ్చి, ఐదింటికల్లా నూట నలభై రెండు మంది తమ తమ పన్నులు కట్టి సర్వీసులోకి వచ్చారు. ఆ ఏడాది జిల్లాలో ఒకే రోజున అంత పన్ను కట్టిన సంస్థ ఇంకోటి లేదని ఎండీ గారికి అభినందన పత్రం వచ్చింది. దాన్ని ఫ్రేము కట్టించి పాత బోర్డు పక్కన తగిలించారు. నూకరాజు డబ్బు హిమజ ఏప్రిల్ జీతం రాగానే తిరిగిచ్చేసింది. నూకరాజు భార్య రెండో కన్ను కూడా బాగానే ఉంది. హిమజ తొమ్మిది షీట్లనీ తీసిపారేసింది. పదోది మాత్రం ఉంచుకుంది.

సెప్టెంబరు ముప్పైన నూకరాజుకి అరవై నిండాయి. హిమజ సొంత డబ్బుతో కొత్త శాలువా కొంది. కలరా ఉండల వాసన లేనిది. హాలంతా నిండిపోయింది. ఈసారి స్టోర్స్ ఆవిడతో పాటు చాలామంది అలవాటు లేకుండానే ఏడ్చారు. ఫోటో తీశారు. హిమజే దగ్గరుండి ఎక్కించింది.

పేర్రాజు గారు కంప్యూటర్ ముందు చాలాసేపు కూర్చున్నారు.

"ఆమోదించజాలను," అన్నారు చివరికి.

"ఎందుకండీ? నిజంగా అరవై వచ్చాయి. నిజం సన్మానం. నిజం శాలువా!"

"వీరి బాండ్లు మామూలు ఖాతాలో ఉన్నవి. అవి మారవలెనన్న ముందు ఈ ఛాయాచిత్రము ఆమోదము పొందవలెను. కావున వీరికి విశ్రాంతి పొందు ఉద్దేశము లేదు. ఉపనియమం రెండు."

నూకరాజు ఒళ్ళో పళ్ళబుట్టతో కుర్చీలో అలాగే కూర్చున్నాడు. తర్వాత భుజం మీంచి శాలువా జాగ్రత్తగా తీసి, మడతపెట్టి, హిమజ చేతిలో పెట్టాడు.

"ఆయ్, అయితే రేప్పొద్దున తాళాలు నేనే తీత్తానండి. ఇది మీ దగ్గరుంచండి అమ్మాయిగారూ, నలక్కుండా."

హిమజ తన సీటుకి వెళ్ళి కూర్చుంది. తెర మీద కొత్త టికెట్ ఒకటి వచ్చి ఉంది. పెట్టింది ఫరీదా: "నిజంగా రిటైరయ్యేవాళ్ళు రిటైరవ్వడానికి కూడా ఒక బటన్ కావాలి."

హిమజ శాలువాని ఒళ్ళో పెట్టుకుని, దాని కింద రాసింది: "అర్జెంట్."